బ్రోచర్‌లో 146, రోడ్డు మీద 105: ఎలక్ట్రిక్ బైక్ రేంజ్ ఎక్కడ కరిగిపోతోంది?

క్లుప్తంగా: ఎలక్ట్రిక్ స్కూటర్ల ప్రకటనల్లో కనిపించే రేంజ్, అంటే ఒక్క చార్జింగ్‌తో వెళ్లగలిగే దూరం, అబద్ధం కాదు. కానీ అది ల్యాబ్‌లో, తక్కువ వేగంతో కొలిచిన అంకె. నగరంలో నడిపితే అందులో మూడింట రెండొంతుల నుంచి ముప్పావు వంతు వరకు వస్తుందనుకోవడం సబబు. తేడాకు ఎక్కువమంది ఎత్తుపల్లాలను, ట్రాఫిక్‌ను కారణంగా చెబుతారు. లెక్క వేస్తే వాటికంటే వేగమే ఎక్కువ చార్జింగ్ తింటుంది. హైదరాబాద్ ఎండ రేంజ్‌ను ఆ రోజుకు పెద్దగా తగ్గించదు, బ్యాటరీ ఆయుష్షును మాత్రం తగ్గిస్తుంది.

హైదరాబాద్‌లో ఏ ఎలక్ట్రిక్ స్కూటర్ షోరూమ్‌కు వెళ్లినా మొదట వినిపించే ప్రశ్న ఒకటే: "ఫుల్ చార్జింగ్ చేస్తే ఎంత వస్తది?" దీనికి సేల్స్‌మన్ చెప్పేది ఒక అంకె, బ్రోచర్‌లో ఉండేది ఇంకొకటి, కొన్నవారి అనుభవం మరొకటి. 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు తెలంగాణ ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించడంతో, పెట్రోలు బండి తప్ప మరొకటి నడపని కుటుంబాలు కూడా ఇటువైపు చూస్తున్నాయి. వారిని ఎక్కువగా అయోమయపెడుతున్నది ధర కాదు, రేంజ్.

లెక్కల్లోకి వెళ్లేముందు కొలత గురించి ఒక మాట. బ్యాటరీ సామర్థ్యాన్ని కంపెనీలు కిలోవాట్-అవర్లలో చెబుతాయి. ఒక కిలోవాట్-అవర్ అంటే కరెంటు బిల్లులో కనిపించే ఒక యూనిటే. 3.7 కిలోవాట్-అవర్ బ్యాటరీ అంటే 3.7 యూనిట్ల కరెంటు పట్టే డబ్బా. యూనిట్‌లో వెయ్యో వంతు ఒక వాట్-అవర్. బండి కిలోమీటరుకు ఎన్ని వాట్-అవర్లు తాగుతుందో తెలిస్తే మిగతాదంతా భాగహారమే.

ఐడీసీ కొలిచేది ఏమిటి?

బ్రోచర్‌లోని అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఐడీసీ అని ఉంటుంది. ఇండియన్ డ్రైవింగ్ సైకిల్‌కు అది పొట్టి పేరు. పుణెలోని ఏఆర్ఏఐ (ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) వంటి వాహన పరీక్షా సంస్థల్లో బండిని రోలర్ల మీద నిలబెట్టి, ముందే రాసిపెట్టిన ఒక వేగాల పట్టిక ప్రకారం నడుపుతారు. ఒక్కో ఆవృత్తి 108 సెకన్లు. అందులో కాసేపు ఆగడం, మెల్లగా వేగం అందుకోవడం, మళ్లీ తగ్గడం ఉంటాయి. గరిష్ఠ వేగం గంటకు 42 కిలోమీటర్లు, సగటు 22కు కాస్త తక్కువ. బ్యాటరీ ఖాళీ అయ్యేదాకా ఇదే ఆవృత్తిని తిప్పితే వచ్చే దూరమే ఆ రేంజ్.

22 సగటు అనేది హైదరాబాద్ ట్రాఫిక్‌కు మరీ దూరమేమీ కాదు. తేడా వచ్చేది రెండు చోట్ల. మొదటిది, సిగ్నల్ పడగానే మెల్లగా కదిలే బండి అమీర్‌పేటలో కనిపించదు. రెండోది, ఖాళీ దొరికిన చోట ఎవరూ 42 దగ్గర ఆగరు. ల్యాబ్‌లో ఎదురుగాలి లేదు, గుంతలు లేవు, వెనక సీటులో మనిషీ లేడు.

ఇందులో కంపెనీల మోసం ఉందనుకోనక్కర్లేదు. అన్ని బండ్లనూ ఒకే గీటురాయి మీద పోల్చడానికి ఇలాంటి పరీక్ష కావాలి. పైగా కొంతకాలం ప్రభుత్వ సబ్సిడీ కూడా ఈ అంకెతో ముడిపడి ఉంది. 2021 జూన్‌లో విద్యుత్ వాహనాల కోసం కేంద్రం తెచ్చిన ఫేమ్-2 పథకం కింద ఒక్కో యూనిట్ బ్యాటరీకి 15,000 రూపాయల రాయితీ ఇచ్చారు. అర్హతల్లో ఒకటి, ఒక్క చార్జింగ్‌తో కనీసం 80 కిలోమీటర్ల రేంజ్. పరీక్షలో ఎక్కువ వస్తే అమ్మకానికీ మంచిదే, అర్హతకూ మంచిదే. 2023 జూన్‌లో రాయితీని యూనిట్‌కు 10,000కు, 2024 ఏప్రిల్‌లో 5,000కు తగ్గించాక కంపెనీలు చిన్న బ్యాటరీ మోడళ్లు తెచ్చాయి. అందుకే ఇప్పుడు ఒకే పేరుతో రెండు మూడు బ్యాటరీల బండ్లు ఉన్నాయి. పక్కింటివారి స్కూటర్ వంద ఇస్తుంటే అదే పేరున్న మన స్కూటర్ డెబ్బై ఐదు ఇవ్వడానికి కొన్నిసార్లు కారణం ఇంతే.

కొన్ని కంపెనీలు రెండు అంకెలూ చెప్పడం మొదలుపెట్టాయి. 2022లో వచ్చిన ఏథర్ 450ఎక్స్‌లో 3.7 యూనిట్ల బ్యాటరీ ఉంది. ధ్రువీకరించిన రేంజ్ 146 కిలోమీటర్లు, కంపెనీయే 'ట్రూ రేంజ్' పేరుతో చెప్పింది 105. ఓలా మొదటి తరం ఎస్1 ప్రో విషయంలో ఇవి 181, 135. భాగిస్తే మొదటిది 72 శాతం, రెండోది 75 శాతం. మూడింట రెండొంతుల నుంచి ముప్పావు వంతు అనే లెక్క గాలిలోంచి వచ్చింది కాదు, తయారీదారులు తామే ఒప్పుకున్న అంకెల నుంచి వచ్చింది.

వేగానికి పడే మూల్యం

కదిలే బండిని రెండు శక్తులు వెనక్కి లాగుతాయి. ఒకటి టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే నిరోధం. ఇది బరువును బట్టి ఉంటుంది, వేగంతో పెద్దగా మారదు. రెండోది గాలి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. కారులా మూసి ఉండే ఆకారం కాదు కాబట్టి స్కూటర్ మీద నిటారుగా కూర్చున్న మనిషి ఒంటికే ఈ గాలంతా తగులుతుంది.

110 కిలోల స్కూటర్, 75 కిలోల మనిషి, చదునైన రోడ్డు, ఎదురుగాలి లేదు అనుకుని సాధారణ భౌతిక సూత్రాలతో లెక్క వేయవచ్చు. మోటారు, కంట్రోలర్‌లలో 15 శాతం పోతుందనీ అనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల నిలకడ వేగంలో కిలోమీటరుకు దాదాపు 16 వాట్-అవర్లు ఖర్చవుతాయి. 45లో 26. 60లో 39. 80లో 62. బ్యాటరీలో వాడుకోగలిగింది 2.7 యూనిట్లు ఉంటే, 30 వేగంతో వెళ్లే బండి 160 కిలోమీటర్లు దాటుతుంది. 45లో వందకు కాస్త పైన, 60లో డెబ్బై దగ్గర ఆగిపోతుంది. 80లో నడిపితే 45 కిలోమీటర్లు కూడా రావు. బండి అదే, బ్యాటరీ అదే.

ఇవి అంచనాలే. మనిషి ఆకారం, టైర్లు, మోటారును బట్టి అటూఇటూ అవుతాయి. కానీ గీత వంగే తీరు మారదు. రివోల్ట్ ఆర్‌వీ400 బైక్‌కు కంపెనీ ప్రకటించిన అంకెలు ఇదే చెబుతాయి. 3.24 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఆ బండికి 45 వేగానికి కట్టడి చేసే ఎకో మోడ్‌లో 150 కిలోమీటర్లు, 65 వరకు వెళ్లే నార్మల్‌లో 100, 85 అందుకునే స్పోర్ట్‌లో 80 అన్నారు. అవి ఆయా మోడ్‌ల గరిష్ఠ వేగాలే తప్ప నిలకడ వేగాలు కావు. అందుకే పై లెక్కంత ఘోరంగా పడిపోలేదు. ఎకో మోడ్‌లో ఏదో మంత్రం ఉందని చాలామంది నమ్మకం. నిజానికి అది చేసేది ప్రధానంగా యాక్సిలరేటర్‌కు పగ్గం వేయడమే. స్పోర్ట్ మోడ్‌లో పెట్టి 40 దాటకుండా, మెల్లగా వేగం అందుకుంటూ నడిపేవారికి కూడా దాదాపు అదే రేంజ్ వస్తుంది. అంత నిగ్రహం ఎంతమందికి ఉంటుందనేది వేరే ప్రశ్న.

నగరంలో గత కొన్నేళ్లుగా పెరిగిన ఫ్లైఓవర్లు, వెడల్పయిన రోడ్లు, అవుటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీసు రోడ్లు ఈ కోణంలో చూడాల్సినవి. ఇవి సమయాన్ని ఆదా చేస్తాయి, రేంజ్‌ను కాదు. షేక్‌పేట ఫ్లైఓవర్ 2.8 కిలోమీటర్లు. దాని మీద 70లో దూసుకెళ్లే బండికి, కింద 35లో సాగే బండికంటే కిలోమీటరుకు రెట్టింపు కంటే ఎక్కువ కరెంటు కావాలి. కోకాపేట, నార్సింగి వైపు ఉండి రోజూ సర్వీసు రోడ్డు మీద 70, 80లో వెళ్లేవారికి వచ్చే రేంజ్, సికింద్రాబాద్ గల్లీల్లో తిరిగేవారికి వచ్చే రేంజ్ ఎప్పటికీ కలవవు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

ఇంకో చిన్న సంగతి: వానాకాలంలో గాలికి గొడుగులా ఉబ్బే రెయిన్‌కోటు కూడా ఈ గాలి ఖాతాలోకే వస్తుంది.

బంజారాహిల్స్ ఎక్కితే ఎంత పోతుంది?

"మా ఇల్లు గుట్ట మీద, అందుకే రేంజ్ రాదు" అన్న మాట జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వైపు తరచూ వినిపిస్తుంది. దీన్ని కొలిచి చూడవచ్చు. హుస్సేన్‌సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 513.41 మీటర్లు. నగరంలో అత్యంత ఎత్తైన చోటుగా చెప్పే బంజారాహిల్స్ శిఖరం 672 మీటర్లు. తేడా 160 మీటర్ల లోపే. బండి, మనిషి కలిపి 185 కిలోలను అంత ఎత్తుకు లేపడానికి బ్యాటరీ నుంచి కావాల్సింది 95 వాట్-అవర్లు. నగరంలో కిలోమీటరుకు 28 చొప్పున ఖర్చయ్యే బండికి ఇది చదును రోడ్డు మీద మూడున్నర కిలోమీటర్లతో సమానం. వెనక ఇంకొకరు కూర్చుంటే నాలుగున్నర.

ఎక్కేటప్పుడు బ్యాటరీ శాతం టకటకా పడిపోతుంది కాబట్టి భయం వేస్తుంది. కానీ దిగేటప్పుడు యాక్సిలరేటర్ అక్కర్లేదు, రీజెన్ బ్రేకింగ్ (వేగం తగ్గేటప్పుడు మోటారే కరెంటు పుట్టించే ఏర్పాటు) ఉన్న బండి కొంత వెనక్కి నింపుకుంటుంది కూడా. వెళ్లినదారినే తిరిగి వచ్చే ప్రయాణంలో గుట్ట తినేది అంతా కలిపి కిలోమీటరో రెండో.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బ్యాటరీ నూటికి నూరు శాతం నిండి ఉంటే రీజెన్ ద్వారా వచ్చే కరెంటును అది తీసుకోలేదు. గుట్ట మీద ఇల్లున్నవారు రాత్రంతా చార్జింగ్ పెట్టి, పొద్దున్నే ఫుల్ బ్యాటరీతో కిందికి దిగితే వాలు ఇచ్చే లాభమంతా బ్రేకుల వేడిగా పోతుంది. సాయంత్రం ఎక్కుడు మాత్రం తప్పదు. గుట్ట కింద ఇల్లు, పైన ఆఫీసు ఉన్నవారికి ఈ నష్టం లేదు.

జామ్‌లో తలకిందులయ్యే పెట్రోలు అనుభవం

పెట్రోలు బండి నడిపినవారికి ఒంటబట్టిన జ్ఞానం ఏమిటంటే, ట్రాఫిక్‌లో మైలేజీ పడిపోతుంది, హైవే మీద పెరుగుతుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కూడా పెట్రోలు కాలుతుంది, తక్కువ వేగంలో దాని సామర్థ్యం నాసిరకం. ఎలక్ట్రిక్ మోటారు సిగ్నల్ దగ్గర ఏమీ తాగదు. స్క్రీన్, లైట్లు, కంట్రోలర్ కలిపి తీసుకునేది కొన్ని పదుల వాట్లు. గంటసేపు ఐకియా కూడలిలో ఇరుక్కున్నా పోయేది ఒక కిలోమీటరు దూరానికి సరిపడా కరెంటు. కాబట్టి విజయవాడ హైవే మీద కంటే పంజాగుట్టలో ఎక్కువ రేంజ్ రావడం వింత కాదు.

ఖర్చయ్యేది ఆగడం వల్ల కాదు, ఆగాక మళ్లీ ఎంత వేగం అందుకున్నారన్న దానివల్ల. సున్నా నుంచి 40కి రావడానికి ఒక్కోసారి 4 వాట్-అవర్ల లోపు పడుతుంది, 60కి రావడానికి 8 దాటుతుంది. సిగ్నల్‌కూ సిగ్నల్‌కూ మధ్య 60 అందుకుని, వెంటనే చేతి బ్రేకులు పట్టేవారు ఆ 8నీ బ్రేకు షూలకు ధారపోస్తున్నట్టే. రీజెన్ దీన్ని పూర్తిగా తిరిగి తేలేదు. చక్రం నుంచి బ్యాటరీకి వెళ్లేటప్పుడు కొంత, బ్యాటరీ నుంచి మళ్లీ చక్రానికి వచ్చేటప్పుడు కొంత పోతుంది.

డబుల్స్ వెళ్తే పది నుంచి పదిహేను శాతం తగ్గుతుందనుకోవచ్చు. టైర్లలో గాలి తక్కువగా ఉంటే ఇంకో నాలుగైదు శాతం. ఇవి అందరికీ తెలిసినవే.

ఎండ ఏం చేస్తుంది?

మే నెలలో హైదరాబాద్ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులు మామూలే. లిథియం బ్యాటరీకి చలి అంటే గిట్టదు. చలిలో లోపలి నిరోధం పెరిగి రేంజ్ తగ్గుతుంది. వేడిలో ఆ నిరోధం తగ్గుతుంది కాబట్టి వేసవి మధ్యాహ్నం రేంజ్ నిజానికి తగ్గనక్కర్లేదు. ఢిల్లీ జనవరిలో కనిపించే పతనం ఇక్కడ ఉండదు.

కానీ బాగా వేడెక్కిన బ్యాటరీని కాపాడటానికి లోపలి నియంత్రణ వ్యవస్థ పవర్ తగ్గిస్తుంది, చార్జింగ్‌ను నెమ్మది చేస్తుంది, ఒక్కోసారి చల్లబడేదాకా చార్జింగే తీసుకోదు. ఎండలో వచ్చి నేరుగా ఫాస్ట్ చార్జర్ దగ్గర నిలబెట్టిన బండి మొరాయించడం లోపం కాదు, రక్షణ.

అసలు నష్టం నెమ్మదిగా జరిగేది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందన్న పాత సూత్రం బ్యాటరీ లోపలి అనవసర చర్యలకూ వర్తిస్తుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు అవి ఇంకా ఎక్కువ. ఆఫీసు బయట రేకుల షెడ్డు కూడా లేని చోట, వంద శాతం చార్జింగ్‌తో, రోజంతా ఎండలో నిలబెట్టిన స్కూటర్ కదలకుండానే ముసలిదవుతుంటుంది. సెల్లార్‌లో నీడన ఉండే బండికీ దీనికీ తేడా మొదటి ఏడాది తెలియదు.

స్క్రీన్ మీద కనిపించే కిలోమీటర్లు

డాష్‌బోర్డు మీద '62 కి.మీ.' అని కనిపించేది కొలత కాదు, ఊహ. ఇటీవలి కొన్ని కిలోమీటర్లలో సగటున ఎంత ఖర్చయిందో చూసి, మిగిలిన చార్జింగ్‌ను దానితో భాగించి చెప్పే అంకె అది. కాలనీ రోడ్లలో మెల్లగా తిరిగి వచ్చాక ఎక్కువ చూపిస్తుంది, ఫ్లైఓవర్ ఎక్కగానే తగ్గుతుంది. అందుకే శాతాన్ని చూడటం మేలు.

శాతం కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. బ్యాటరీలో ఎంత మిగిలిందో నేరుగా కొలిచే సాధనం లేదు. వోల్టేజీని, లోపలికీ బయటికీ పోయిన కరెంటునూ లెక్కగట్టి అంచనా వేస్తారు. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీల్లో 80 శాతం దగ్గరా 40 శాతం దగ్గరా వోల్టేజీ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి అంచనా దారితప్పే అవకాశం ఎక్కువ. అప్పుడప్పుడు పూర్తిగా చార్జింగ్ చేయమని ఆ రకం బండ్లకు చెప్పేది లెక్క సరిచేసుకోవడానికే. ఇక చివరి పది, పదిహేను శాతంలో చాలా బండ్లు వేగాన్ని తగ్గించేస్తాయి. కాగితం మీద ఆ దూరం ఉంటుంది, కానీ హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో గంటకు 25తో ఈడ్చుకుంటూ ఎవరూ దాన్ని వాడుకోవాలనుకోరు.

వారంటీలోని 70 శాతం

ఎనిమిదేళ్లు లేదా 80,000 కిలోమీటర్ల బ్యాటరీ వారంటీ ఇప్పుడు పెద్ద కంపెనీల ప్రకటనల్లో కనిపిస్తోంది. దీన్ని చదవాల్సింది మరోవైపు నుంచి. ఏథర్ ఇచ్చే ఎనిమిదేళ్ల పొడిగింపు వారంటీ, బ్యాటరీ ఆరోగ్యం 70 శాతం కంటే కిందికి పడిపోతే వర్తిస్తుంది. అంటే కొత్తలో వంద కిలోమీటర్లు ఇచ్చిన బండి కొన్నేళ్లకు 72 ఇస్తే అది ఒప్పందంలో భాగమే, ఫిర్యాదుకు చోటు లేదు. కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఈరోజు వచ్చే రేంజ్ కాదు, బండి అమ్మేనాటికి మిగిలే రేంజ్.

ఎల్బీనగర్ నుంచి రాయదుర్గానికి

పై అంకెలన్నీ ఒక మామూలు ప్రయాణంలో పెట్టి చూస్తే విషయం తేలికవుతుంది. ఎల్బీనగర్ నుంచి రాయదుర్గం వైపు ఆఫీసుకు వెళ్లేవారికి ఒకవైపు సుమారు 30 కిలోమీటర్లు, రానుపోను 60. సగటు ఖర్చు కిలోమీటరుకు 30 వాట్-అవర్లు అనుకుంటే రోజుకు 1.8 యూనిట్లు కావాలి. బ్యాటరీని ఎప్పుడూ 20 శాతం కంటే కిందికి పోనివ్వకూడదనుకుంటే 2.25 యూనిట్లు. నాలుగైదేళ్లకు సామర్థ్యం 80 శాతానికి తగ్గుతుందని లెక్కలోకి తీసుకుంటే కొత్తలో ఉండాల్సింది 2.8. ప్రకటించిన సామర్థ్యంలో కొంత ఎప్పటికీ వాడుకలోకి రాదు కాబట్టి మూడు యూనిట్లు దాటిన బ్యాటరీ కావాలి. బ్రోచర్ భాషలో చెప్పాలంటే, రోజుకు 60 తిరిగేవారు చూడాల్సింది 125 నుంచి 145 అని రాసి ఉన్న బండి. 90 అని ఉన్నది చాలదు, 180 అని ఉన్నదానికి అదనపు డబ్బు పెట్టాల్సిన పనీ లేదు.

అదే ఆఫీసు సెల్లార్‌లో ఒక ప్లగ్ దొరికితే లెక్క మారిపోతుంది. ఇంటి ప్లగ్‌కు పెట్టుకునే 750 వాట్ల మామూలు చార్జర్ కూడా మూడు గంటల్లో రెండు యూనిట్ల దాకా నింపుతుంది. అప్పుడు బ్యాటరీ మోయాల్సింది 60 కిలోమీటర్లు కాదు, 30. రెండు యూనిట్లకు కాస్త పైన ఉన్న చిన్న బ్యాటరీ మోడల్ సరిపోతుంది, ధర తగ్గుతుంది, బండి బరువూ తగ్గుతుంది. ప్లగ్ పాయింట్ ఇవ్వడానికి ఆఫీసు యాజమాన్యం ఒప్పుకుంటుందా, అపార్ట్‌మెంట్ సంఘం సెల్లార్‌లో విడి మీటరు పెట్టనిస్తుందా అన్నది షోరూమ్‌కు వెళ్లకముందే కనుక్కోవాల్సిన సంగతి. మీటరు దగ్గర మాత్రం బ్యాటరీలోకి వెళ్లేదానికంటే పది, పదిహేను శాతం ఎక్కువ తిరుగుతుంది. చార్జర్ వేడెక్కడానికి పోయేది అదే.